తాత ఎప్పుడు లేస్తాడని పాప అడుగుతోంది. పిల్లల కార్టూన్లలో చావు ఇలాగే చూపిస్తారా?

నాగావళి_గట్టు (రాయగడ)
అందరికీ నమస్కారం. మామగారు పోయి ఇరవై రెండు రోజులైంది. కర్మలన్నీ అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, ఇప్పుడు ఇంట్లో నేను, మా ఆయన, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. బాబుకి తొమ్మిదేళ్ళు, వాడికి అర్థమైంది. పాపకి ఐదేళ్ళు. దాని గురించే అడగాలని వచ్చాను.

ఆ రోజు తాత నోట్లో అందరూ బియ్యం వేస్తుంటే ఇది పరిగెత్తుకుని వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి లడ్డూ తెచ్చింది. "బియ్యం కాదు, లడ్డూ పెట్టండి, లేస్తాడు" అంది. ఛోటా భీమ్‌లో లడ్డూ తినగానే బలం వస్తుంది కదా, అదన్నమాట. అక్కడున్న వాళ్ళంతా ఇంకా గట్టిగా ఏడ్చారు. ఎవరో దాన్ని ఎత్తుకుని పక్కింటికి తీసుకెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏం జరిగిందో అది చూడలేదు.

ఇప్పుడు రోజూ ఒకటే ప్రశ్న, తాత ఎప్పుడు లేస్తాడు, ఎప్పుడు వస్తాడు అని. స్కూల్ వదిలాక తాతే తీసుకొచ్చేవారు, దారిలో గుప్‌చుప్ (పానీపూరీ) కొనిపెట్టేవారు. నిన్న గేటు దగ్గర నన్ను చూసి "నువ్వెందుకొచ్చావు" అని ఏడ్చింది. మొదట్లో నేను "తాత దేవుడి దగ్గరికి వెళ్ళారు" అన్నాను, అత్తయ్య "ఊరెళ్ళారు" అన్నారు. ఇప్పుడు ఎలా సరిచేసుకోవాలో తెలియడం లేదు. చావు గురించి సరిగ్గా చూపించే పిల్లల బొమ్మల సినిమా గాని ప్రోగ్రాం గాని ఉంటే చెప్పండి. హిందీ అయినా ఒడియా అయినా పర్వాలేదు, పిల్లలకి రెండూ వచ్చు.

కొరాపుట్_కుర్రాడు
అక్కా, చాలా బాధగా ఉంది.

కార్టూన్ల సంగతి మీరు అన్నది నిజం. టామ్ అండ్ జెర్రీలో ఆ పిల్లి రోలర్ కింద పడి అప్పడంలా అయిపోతుంది, మళ్ళీ ఊడొచ్చి పరిగెడుతుంది. దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ అదే. ఒక్క పాత ఎపిసోడ్ ఉంది, 1949 నాటిది, అందులో టామ్ పియానో కింద పడి నిజంగానే చచ్చిపోతాడు, పైకి వెళ్ళే రైలు దగ్గర పిల్లులు లైన్లో నిలబడి ఉంటాయి. అక్కడ తడిసిన గోనె సంచిలోంచి చిన్న చిన్న పిల్లి పిల్లలు బయటికొస్తాయి. వాటిని ఎవరో నీళ్ళలో ముంచేశారని పెద్దయ్యాక గాని నాకు తెలియలేదు. కానీ చివరికి అది కూడా కలే, టామ్ నిద్ర లేస్తాడు. అంటే చచ్చిపోయినా లేవడమే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అమ్మా, నేను పెద్దవాణ్ణి, తప్పుగా అనుకోవద్దు. చావు మాట పసిపిల్లల దగ్గర ఎత్తకూడదమ్మా. మా చిన్నప్పుడు శవం వీధిలోంచి వెళ్తుంటే మా నాయనమ్మ తలుపు వేసేసేది. రామ నామ సత్య హై అని వినబడేది, పేలాలూ చిల్లరా చల్లేవాళ్ళు, అవి ఏరుకోవడానికి వెళ్తే వీపు విమానం మోత మోగేది. మేం ఎవరూ పాడైపోలేదు. పాప రెండు నెలల్లో మరిచిపోతుంది. సినిమాలు చూపించి మరీ గుర్తు చేయడం ఎందుకు?

జయపురం_సిస్టర్
పెద్దాయన గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, మరిచిపోరు. అడగడం మానేస్తారు, అంతే. నేను పదిహేడేళ్ళుగా వార్డులో పని చేస్తున్నాను, ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. తల్లి బెడ్ ఖాళీ అయ్యాక ఒక నాలుగేళ్ళ బాబు రోజూ ఆ బెడ్ దగ్గరికే వచ్చి నిలబడేవాడు. డిశ్చార్జ్ అయి వెళ్ళిందని ఎవరో చెప్పారట వాడికి.

నాగావళి గారూ, మీ పాప తప్పుగా ఏమీ ఆలోచించడం లేదండీ, దాని వయసుకి అది సహజం. 1948లో మరియా నాగీ అని ఒక హంగేరీ సైకాలజిస్టు పిల్లల్ని అడిగి రాసింది, మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి చావంటే నిద్ర లాంటిది, ప్రయాణం లాంటిది, తిరిగి రావచ్చు అనుకుంటారని. ఐదు నుంచి తొమ్మిది మధ్య పిల్లలు చావుని ఒక మనిషిలా ఊహించుకున్నారట, వచ్చి పట్టుకుపోయేవాడిలా. ఆ తర్వాతే అది అందరికీ వచ్చేదని అర్థమవుతుంది. తర్వాత వచ్చిన వాళ్ళు ఆ వయసులు అందరికీ అలాగే ఉండవని అన్నారు గాని, ఐదేళ్ళ పాప "ఎప్పుడు లేస్తాడు" అనడం మాత్రం ఎక్కడైనా వినే మాటే.

ఇంకో మాట. "నిద్రపోయారు" అని మాత్రం చెప్పకండి. రాత్రి పడుకోవడానికి భయపడే పిల్లల్ని చూశాను. "జబ్బు చేసి పోయారు" అని ఊరుకోవద్దు కూడా. జలుబు చేసినా టెన్షన్ పడతారు.

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచ)
నేను మహారాష్ట్ర వైపు నుంచి. మా పిల్లలు మరాఠీ బడికి వెళ్తారు, కార్టూన్లు హిందీలో చూస్తారు, ఇంట్లో మాత్రం మన తెలుగే.

నాకు ఒకటి తడుతోంది అక్కా. అసలు మన మాటలోనే ఉంది ఈ చిక్కు. మనం "తాత పోయారు" అంటాం. పోవడం అంటే వెళ్ళడమే కదా. మరాఠీలోనూ "గేలే" అంటారు, అదీ వెళ్ళారనే. మీ ఒడియాలో "చాలిగలే" అంటారని మా ఆవిడ చెప్పింది, తను బరంపురం అమ్మాయి. మూడు భాషల్లోనూ మర్యాద కోసం "వెళ్ళారు" అంటున్నాం. పిల్ల అది విని, వెళ్ళినవాళ్ళు వస్తారు కదా అనుకుంటుంది. అటు కార్టూన్‌లో చూస్తే పడినవాళ్ళు లేస్తారు. ఈ రెండూ కలిపి చూస్తే తాత రావాల్సిందే, ఇంకా రాలేదంటే మనం ఏదో దాస్తున్నామనే. పాపకి కోపం వచ్చిందంటే దానిలోనూ న్యాయముంది.

మా అమ్మ పోయినప్పుడు మా వాడు అడిగాడు, "నానమ్మ చెన్నూరు పోయిందా?" అని. అక్కడ మా మేనత్త ఉంటుంది. బస్సెక్కి వెళ్ళి తీసుకొద్దాం అన్నాడు.

నాగావళి_గట్టు (రాయగడ)
ఈ మాట చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. పాప నన్ను "తాత బరంపురం వెళ్ళాడా, వైజాగ్ వెళ్ళాడా" అని అడిగింది. ఊళ్ళ పేర్లు ఎందుకు చెబుతోందా అనుకున్నాను.

పాఠాల_మాస్టారు (పర్లాకిమిడి)
అమ్మా, మీరు అడిగిన ప్రోగ్రాం గురించి చెప్తాను. ఇది అమెరికాది, ఇంగ్లిష్‌లో ఉంటుంది. పాపకి చూపించమని కాదు, మీరు చూడమని.

సెసమీ స్ట్రీట్ అనే పిల్లల ప్రోగ్రాంలో హూపర్ అని ఒక దుకాణం తాత ఉండేవాడు. ఆ వేషం వేసిన విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయారు. ప్రోగ్రాం తీసేవాళ్ళు ఇంకొకర్ని పెట్టుకోవచ్చు, లేదా ఆయన వేరే ఊరు వెళ్ళిపోయాడని చెప్పి ఊరుకోవచ్చు. కానీ పిల్లల మనసు తెలిసిన నిపుణుల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడి, నిజమే చెప్పాలని నిర్ణయించుకున్నారు. 1983 నవంబరు 24న ఆ భాగం వేశారు. అది వాళ్ళకి థాంక్స్ గివింగ్ పండగ. ఆ రోజైతే అమ్మానాన్నలు ఇంట్లో ఉంటారు, పిల్లలు అడిగితే చెప్పడానికి పక్కన ఎవరో ఒకరు ఉంటారని ఆ రోజు చూసి పెట్టుకున్నారు.

అందులో బిగ్ బర్డ్ అని పెద్ద పసుపు పచ్చ పక్షి ఉంటుంది, దాని బుద్ధి ఐదారేళ్ళ పిల్లది. అందరి బొమ్మలూ గీసి తెచ్చి పంచుతుంది. హూపర్ తాత బొమ్మ ఆయన వచ్చాక ఇస్తానంటుంది. పెద్దవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. అప్పుడు ఒకామె చెబుతుంది, ఆయన చనిపోయాడు, చనిపోయినవాళ్ళు తిరిగి రారు అని. ఎప్పటికీనా అని అడుగుతుంది పక్షి. ఎప్పటికీ అంటారు. వెంటనే అది అడిగే ప్రశ్న ఏమిటో తెలుసా? మరి నాకు తినడానికి ఎవరు చేసి పెడతారు, కథలు ఎవరు చెబుతారు అని. మీ పాపకి గుప్‌చుప్ లాగే. ఇంకొకాయన నేను చూసుకుంటానంటాడు, అయినా అది ఊరుకోదు, ఇదివరకటిలా ఉండదు కదా అంటుంది. ఎందుకిలా జరగాలి అని కోపంగా అడుగుతుంది. దానికి వాళ్ళ దగ్గర జవాబు లేదు. ఇది ఇంతే అంటారు. జవాబు లేనప్పుడు లేదని ఒప్పుకున్నారే, నాకు అక్కడ ఆ పెద్దవాళ్ళ మీద చాలా గౌరవం కలిగింది.

ఆ పక్షికి మొదట్నుంచీ ఆయన పేరు సరిగ్గా పలకడం రాదు, లూపర్ అంటుంది, అందరూ హూపర్ అని దిద్దుతుంటారు. ఆ రోజు ఆయన బొమ్మ చూసుకుంటూ లూపర్ గారూ మీరు గుర్తొస్తారు అంటుంది. ఏడుస్తూనే ఒకామె హూపర్ అని దిద్దుతుంది. నేను అరవై దాటినవాణ్ణి, అక్కడ ఆగలేకపోయాను.

సిస్టర్ గారు చెప్పిందే వాళ్ళూ పాటించారు, జబ్బు, ఆసుపత్రి, ముసలితనం లాంటి మాటలు కావాలనే ఎత్తలేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది. కానీ మనకి లేవా? లవకుశ చూశాం కదా, 1963లో వచ్చిన సినిమా, తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. చివర్లో సీతమ్మ భూమిలోకి వెళ్ళిపోతుంటే పిల్లలిద్దరూ అమ్మా అమ్మా అని ఏడుస్తారు. తండ్రి దొరికిన పూటే తల్లి పోయింది. మా ఊళ్ళో డేరా టాకీసులో నేలమీద కూర్చుని చూశాను, నాకు ఆరేడేళ్ళుంటాయి. ఎంత ఏడ్చానో. ఏ నిపుణుడూ ఆ సినిమా వాళ్ళకి చెప్పలేదు.

పాఠాల_మాస్టారు (పర్లాకిమిడి)
నేనూ ఏడ్చానండీ. అయితే ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. మీరు ఎవరి పక్కన కూర్చుని చూశారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మా అమ్మ ఒళ్ళో. ఆవిడా ఏడ్చింది. కొంగుతో నా ముక్కు తుడిచింది.

అర్థమైంది మాస్టారూ. ఇప్పుడు పిల్లలు ఫోన్ పట్టుకుని ఒక్కళ్ళే గదిలో చూస్తున్నారు.

వంశధార_గుణుపురం
ఇక్కడ ఎప్పుడూ రాయను, చదివి వెళ్ళిపోతుంటాను. ఈరోజు రాయాలనిపించింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న పోయారు. ఆ రోజు పొద్దున సైకిల్ కొనలేదని నాన్న మీద అరిచాను, "నువ్వు నాకొద్దు, పో" అన్నాను. సాయంత్రానికి రోడ్డు మీద యాక్సిడెంట్. ఇంటికొచ్చిన వాళ్ళంతా "పోయాడు, పోయాడు" అంటున్నారు. నేను పో అన్నాను, ఆయన పోయాడు. పైన సిరోంచ అన్న రాసింది చదివేదాకా ఆ రెండు మాటలూ నా తలలో ఎలా అతుక్కున్నాయో నాకే తెలియలేదు. ఇరవై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా.

లయన్ కింగ్ మొదట కేబుల్ టీవీలో చూశాను, 1994 నాటి బొమ్మల సినిమా. తండ్రి సింహం ముఫాసా కింద పడిపోయాక పిల్ల సింహం సింబా వెళ్ళి లేపుతుంది, చెవి పట్టుకుని లాగుతుంది, లేవకపోతే తండ్రి కాలు పైకెత్తి దాని కింద దూరి పడుకుంటుంది. అప్పుడు బాబాయి వచ్చి ఇదంతా నీ వల్లే అంటాడు, పారిపో అంటాడు. అది నమ్మేస్తుంది. నేను టీవీ ఆపేశాను, మళ్ళీ చాలా ఏళ్ళు చూడలేదు.

2019లో కొత్తది వచ్చినప్పుడు వైజాగ్ వెళ్ళి మా అబ్బాయికి తెలుగులో చూపించాను, ఆ బాబాయి స్కార్‌కి జగపతిబాబు, పెద్ద సింబాకి నాని గొంతు ఇచ్చారు కదా, అది. మా వాడు నా చెయ్యి పట్టుకుని "వాడేం చెయ్యలేదు కదా నాన్నా, ఎందుకు పారిపోతున్నాడు" అన్నాడు. హాల్లో అందరూ బొమ్మ చూస్తున్నారు, నేను మా వాడి మొహం చూస్తున్నాను. ఏం చెయ్యలేదురా, వాడేం చెయ్యలేదు అని రెండు మూడు సార్లు చెప్పాను. ఇంటికి వచ్చాక అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

ఆ సినిమాలో నాకు నచ్చనిది ఒక్కటే. అంత దెబ్బ తగిలిన పిల్లాడు నాలుగు నిమిషాల్లో పాట పాడుతూ పెద్దవాడైపోతాడు. మధ్యలో రాత్రులు ఎలా గడిచాయో చూపించరు. పిల్లలకి బోర్ కొడుతుందని కాబోలు.

నాగావళి గారూ, మీ పాప చివరిగా తాతతో ఏం మాట్లాడిందో కనుక్కోండి. లడ్డూ పెట్టనివ్వలేదు కాబట్టే లేవలేదు అనుకుంటుందేమో చూడండి.

జయపురం_సిస్టర్
తమ్ముడూ, మీరు రాసింది ఇక్కడ అందరికంటే ముఖ్యమైన మాట. పిల్లలు నా వల్లే అనుకుంటారు, ఆ మాట పైకి చెప్పరు. మనం అడగాలి.

కొరాపుట్_కుర్రాడు
వంశధార అన్నా, ఏం రాయాలో తెలియడం లేదు. మీరు రాసినందుకు దండం.

మీ మాటకి సంబంధించిందే ఒకటి. 2014 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. 1937 నుంచి 2013 దాకా బాగా ఆడిన 45 పిల్లల యానిమేషన్ సినిమాల్ని, 90 పెద్దల డ్రామా సినిమాలతో పోల్చి చూశారు. ముఖ్య పాత్రలు చచ్చిపోయే అవకాశం పిల్లల సినిమాల్లోనే రెండున్నర రెట్లు ఎక్కువ. హీరో తల్లిదండ్రులు చనిపోయే అవకాశమైతే ఐదు రెట్లు. ఫైండింగ్ నెమోలో మొదటి ఐదు నిమిషాల్లోనే తల్లి చేపని పెద్ద చేప మింగేస్తుంది. 1942 నాటి బాంబీలో జింక పిల్ల తల్లిని వేటగాడు కాలుస్తాడు.

అంటే పిల్లలకి చావు చూపించడం లేదనడం సరికాదు, చాలానే చూపిస్తున్నారు. ఆ తర్వాత ఏం చెయ్యాలో చూపించడమే తక్కువ. అమ్మ పోతేనే కథ మొదలవుతుంది కాబట్టి పంపించేస్తారు.

దుఃఖం ఉన్నది కావాలంటే డోరేమాన్‌లో నోబితా వాళ్ళ నానమ్మ కథ చూడండి. చిన్నప్పుడు నానమ్మ కుట్టి ఇచ్చిన ఎలుగుబంటి బొమ్మ దొరుకుతుంది, ఒక్కసారి చూడాలనిపించి టైమ్ మెషీన్‌లో వెనక్కి వెళ్తాడు. నువ్వు బడి సంచి వేసుకుంటే చూడాలనుంది అంటుంది ఆవిడ, వీడు వెనక్కి పరిగెత్తి సంచి వేసుకుని వచ్చి చూపిస్తాడు. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు చూశాను, మా నానమ్మ ట్రంకు పెట్టె ముందు కూర్చుని ఏడ్చాను.

జయపురం_సిస్టర్
బాబుకి చూపించండి, తొమ్మిదేళ్ళు కదా, తెలుసుకుంటాడు. పాపకి ఇప్పుడే వద్దు. టైమ్ మెషీన్ కొనమంటుంది. నిజంగానే అంటున్నాను, దానికి అది ఒక దారిలా కనబడుతుంది.

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచ)
మాకు దారి చూపించింది కోకో అక్కా, 2017లో వచ్చిన బొమ్మల సినిమా, మెక్సికో వాళ్ళ కథ. ఏడాదికి ఒకసారి చనిపోయినవాళ్ళ పండగ వస్తుంది, ఇంట్లో పెద్దల ఫోటోలు పెట్టి, వాళ్ళకి ఇష్టమైనవి వండి పెడతారు. చనిపోయినవాళ్ళు బంతిపూల రేకుల వంతెన మీద నడిచి వస్తారు. మా వాడు అది చూసి "నాన్నా, మన పెత్రమాస" అన్నాడు. మాకు పెత్రమాస నాడు పెద్దలకి బియ్యం ఇస్తాం, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ, ఇంటినిండా బంతిపూలూ గునుగుపూలూ. వాడికి ఎవరూ చెప్పకుండానే ఆ రెండూ కలిశాయి. నానమ్మకి ఇష్టమని సకినాలు పెట్టమన్నాడు.

జయపురం_సిస్టర్
సినిమా మంచిదే అన్నా, నాకూ ఇష్టం. కానీ అందులో చనిపోయినవాళ్ళు అవతల మేడల్లో ఉంటారు, పాటలు పాడతారు, వంతెన దాటి వస్తారు. ఐదేళ్ళ పిల్ల బంతిపూలు తెచ్చి వీధి గుమ్మం దగ్గర పరిస్తే మీరేం చెబుతారు? ముందు తిరిగి రారన్నది గట్టిగా తెలియాలి, ఆ తర్వాతే తలుచుకోవడం. ఆ వరస తప్పితే ఇంకా ఎదురు చూస్తుంది.

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచ)
ఒప్పుకుంటున్నాను సిస్టర్. మా వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు.

నాగావళి_గట్టు (రాయగడ)
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

మాస్టారు చెప్పింది రాత్రి నేను, మా ఆయన కలిసి చూశాం. వాళ్ళ నాన్న పోయాక ఆయన ఏడవడం నేను చూడలేదు, అది చూస్తూ ఏడ్చారు. పొద్దున్నే పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆయనే చెప్పారు. "తాత చనిపోయారమ్మా. చనిపోవడం అంటే ఊరెళ్ళడం కాదు. తాత ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది. ఊపిరి ఆగిపోయింది, ఆకలి వేయదు, నొప్పి ఉండదు. మళ్ళీ లేవరు, రారు." పోయారు అనే మాట ఒక్కసారి కూడా రాకుండా చెప్పడం ఎంత కష్టమో, నోరు అటే వెళ్తుంది.

పాప కాసేపు చూసి, సరే అని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. మాకు ఏమీ అర్థం కాలేదు. గంట తర్వాత వచ్చి "చలి వేయదా" అంది. వేయదు అన్నాం. మళ్ళీ వెళ్ళింది. అన్నం తినేటప్పుడు "లడ్డూ పెట్టినా లేవరా" అని చాలా మెల్లగా అడిగింది. వంశధార గారూ, మీరు చెప్పకపోతే నేను అది పట్టుకునేదాన్ని కాదు. లడ్డూ కార్టూన్‌లో మాత్రమే అలా చేస్తుంది, నువ్వు పెట్టినా ఎవరు పెట్టినా తాత లేచేవారు కాదు, నీ తప్పు ఏమీ లేదు అని చెప్పాను. అప్పుడు ఏడ్చింది. ఇరవై ఆరు రోజుల్లో మొదటిసారి తాత కోసం ఏడ్చింది. అత్తయ్య దగ్గరికి తీసుకున్నారు, ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

జయపురం_సిస్టర్
బాగా చెప్పారండీ. మళ్ళీ మళ్ళీ అడుగుతుంది, అదే జవాబు చెప్పండి, విసుక్కోకండి. పిల్లలు దుఃఖాన్ని కొంచెం కొంచెంగా తీసుకుంటారు, మధ్యలో ఆడుకుంటారు, దానర్థం మరిచిపోయారని కాదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అమ్మా, నేను మొదట రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. మా మనవరాలు వాళ్ళ నాయనమ్మ గురించి అడగడం మానేసి ఏడాదైంది. మరిచిపోయిందనుకున్నాను. రేపు ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను.

నాగావళి_గట్టు (రాయగడ)
బాబాయ్ గారూ, తప్పకుండా వెళ్ళండి.

సంక్రాంతికి మామగారికి బట్టలు పెట్టాలి కదా, నిన్న షాపుకి పిల్లల్ని కూడా తీసుకెళ్ళాం. ఇదివరకైతే తీసుకెళ్ళేదాన్ని కాదు. బాబు పంచె చూపించాడు, పాప ఎర్ర అంచు తువ్వాలు తీసింది. తాతకి పెట్టాక ఇది ఎవరు కట్టుకుంటారు అని అడిగింది. నాన్న కట్టుకుంటారు అన్నాను. అయితే తాతలాగా ఎడమ భుజం మీదే వేసుకోమని నాన్నకి చెప్పు అంది.